జోస్యమూ – జీతమూ

ఉగాదినాడు పంచాంగ శ్రవణం జరుగని ఊరు తెలుగునాట అరుదు. మా చోడవరంలోనూ ఆ ఆనవాయితీ చిరకాలంగా ఉన్నది. మేము చిన్నవారమై ఉన్న రోజులలో తోటి పిల్లలతో కలిసి స్వయంభూ విఘ్నేశ్వరాలయం వైపు పోయి, వీధిలోనే నిలబడి, సిద్ధాంతిగారు ఒక్కొక్క రాశికి ఆదాయమింత, వ్యయమింత, రాజపూజ్యమింత, అవమానమింత అని చదువుతుండగా చెవియొగ్గి వినేవారము. ఇంటికి వచ్చి, "అమ్మీ, మన రాశి ఏది?" అని అడిగితే, మా అమ్మ పొయ్యి ముందునుండి తల ఎత్తకుండానే, "మన ఆదాయం మీ అబ్బా జేబులో ఉంది, వ్యయం నా చేతిలో ఉంది. అవి రెండూ తెలిశాక ఇంక రాశి దేనికిరా?" అనేది. ఆ మాటకు నవ్వుకొని ఆటకు పరుగెత్తిపోయాము. అందులోని సారం బోధపడడానికి మాకు ముప్పై ఏండ్లకు దగ్గరగా పట్టింది; అదీ ఒక ఫుట్‌బాల్ జట్టు పుణ్యమా అని. ఆ కథనే ఈ సంచికలో విద్యార్థి లోకానికి విన్నవించుకోదలచాము.

చోడవరం ప్రాంతంలో 'సీజను' అంటే చెరకు గానుగాట కాలం. గోవాడ చక్కెర కర్మాగారంలో గానుగాట ఎప్పుడు మొదలవుతుంది, ఈ ఏడు ఎన్ని టన్నుల చెరకు ఆడుతుంది, పంచదార దిగుబడి నూటికి ఎంత వస్తుంది అని టీ కొట్ల దగ్గర పెద్దలు లెక్కలు కట్టడం మేము బాల్యంనుండీ ఎరిగినదే. 2019వ సంవత్సరంలో మన కళాశాల విద్యార్థులకు మరొక సీజను పరిచయమైంది. ఆ ఏడు హైదరాబాదు పేరుతో ఒక వృత్తి ఫుట్‌బాల్ జట్టు వెలిసి, పూణే జట్టు స్థానంలో ఇండియన్ సూపర్ లీగులో చేరింది. హైదరాబాద్ ఎఫ్.సి. అని దానికి పేరు. గచ్చిబౌలి మైదానం మనకు కొన్ని వందల మైళ్ళ దూరంలో ఉన్నా, వసతి గృహంలోని టీవీ ఆ దూరాన్ని తుడిచివేసింది.

అప్పుడే మేమొక చిన్న ఆనవాయితీని ప్రారంభించాము. సీజను తొలి ఆటకు ముందు, ఇష్టమున్న ప్రతి విద్యార్థీ ఒక కాగితంపై ఈ ఏడు మన జట్టు ఎన్నవ స్థానంలో నిలుస్తుందో వ్రాసి, అందుకు కారణం ఒకే ఒక వాక్యంలో చెప్పాలి. తెలుగులోనైనా వ్రాయవచ్చు, ఉర్దూలోనైనా వ్రాయవచ్చు. కాగితాలన్నీ కవరులో పెట్టి అంటించి, సీజను ముగిసిన పిమ్మట తరగతిలో విప్పి చదువుతాము. ఉర్దూ శాఖలోని మా సహాధ్యాపకులు దీనికి 'పేష్‌గోయీ' అని పేరు పెట్టారు. మేము 'జోస్యం' అన్నాము. నిజం చెప్పవలెనంటే మా గురి జోస్యంపై కాదు, ఆ ఒక్క వాక్యంపైన. వ్యాసం వ్రాయమంటే పారిపోయే పిల్లలు బంతి కోసం వాక్యాన్ని సరిదిద్దుకొని మరీ వ్రాస్తున్నారని మాకు లోలోపల సంతోషం.

ఇక మా జోస్యాల చరిత్ర వినండి. మొదటి ఏడు కొత్త జట్టు గనుక ఎక్కువమంది నడిమి స్థానం వ్రాశారు. మేమూ అంతే. 18 ఆటలలో 2 మాత్రమే గెలిచి, 10 పాయింట్లతో పది జట్లలో పదవదిగా మిగిలింది. రెండవ ఏడు కరోనా వలన కాగితాలకు బదులు ఫోను సందేశాలు వచ్చాయి. దాదాపు అందరూ 'చివరి స్థానం' అని వ్రాశారు. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశపు శిక్షకుని చేతిలో పడిన ఆ జట్టు 20 ఆటలలో మూడింటిలో మాత్రమే ఓడి అయిదవ స్థానానికి ఎగబ్రాకింది. మూడవ ఏడు మేము బుద్ధి తెచ్చుకొని 'నాలుగు' లేక 'అయిదు' అని వ్రాసుకొన్నాము. కప్పు గెలుస్తుందని వ్రాసినవాడు ఒక్కడూ లేడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనలులో మన జట్టు ఓడిపోతున్నదనుకొన్న తరుణంలో, 88వ నిమిషాన సాహిల్ తవోరా గోలు వేసి సమం చేశాడు. పెనాల్టీలలో గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాదుకు వచ్చింది. ఆ రాత్రి వసతి గృహంలో లేచిన కేక వీధి చివరిదాకా వినిపించిందని మరునాడు ఇరుగుపొరుగువారు చెప్పారు. సరిగ్గా పదిహేను రోజులకు, ఏప్రిల్ 4న, మన చోడవరం విశాఖపట్నం జిల్లానుండి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి మారింది. ఆ రెండు మార్పులలో దేనినీ మా కవరులోని కాగితాలు ముందుగా చెప్పలేదు.

నాలుగవ ఏడు అందరమూ ఒక్క గొంతుతో 'మొదటి స్థానం' అన్నాము. లీగు పట్టికలో రెండవ స్థానం వచ్చింది; సెమీఫైనలులో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలపై ఓటమి కలిగింది. మా జోస్యాలలో సత్యానికి అతి సమీపంగా వచ్చినది ఇదే. ఈ నాలుగేండ్ల కాగితాలను వరుసగా పేర్చి చూస్తే ఒక సంగతి తేటపడింది. మేము చేసినది జోస్యం కానే కాదు. నిరుటి ఫలితాన్ని కొంచెం అటూ ఇటూ మార్చి తిరిగి వ్రాసుకొన్నాము, అంతే.

ఫుట్‌బాల్ చరిత్రలో ఇటువంటి భంగపాటు మాకు మాత్రమే కలిగినది కాదు. హైదరాబాదు బంతాటకు పితామహుడనదగిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోని భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టు తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఆనాడు ఎవరైనా కాగితంపై జోస్యం వ్రాసి ఉంటే ఏమని వ్రాసేవారో ఊహించవచ్చు. క్యాన్సర్ వ్యాధి లోపల తినివేస్తున్నా రహీంగారు జట్టును నిలబెట్టారు. తలకు కుట్లు పడిన వెనుకవరుస ఆటగాడు జర్నైల్ సింగును ముందువరుసకు మార్చారు. అదే దక్షిణ కొరియాపై ఫైనలులో 2-1తో భారతదేశం స్వర్ణ పతకం గెలిచింది. ఆ రెండు గోళ్ళలో ఒకటి జర్నైల్ సింగుదే. మరుసటి ఏడు జూన్ 11న రహీంగారు కన్నుమూశారు. కనుక జోస్యం తప్పడమన్నది ఎప్పుడూ విచారించదగినది కాదు. ఒక్కొక్కప్పుడు అది మనిషి సాధించిన విజయం. అయితే జోస్యం తప్పడానికి మరొక దారి కూడా ఉన్నది. ఆ దారిని మాకు చూపినవాడు మన కళాశాల విద్యార్థియే.

2023 సెప్టెంబరు మూడవ వారం. అయిదవ ఏటి కాగితాలు వ్రాస్తున్నాము. రెండేండ్లుగా పైవరుసలో ఉన్న జట్టు. శిక్షకుడు మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. గోళ్ళ వర్షం కురిపించిన ఒగ్బెచే లేడు. ఎడమప్రక్కన కోటగోడవంటి ఆకాశ్ మిశ్రా ముంబైకి మారాడు. అయినా, "వేరు గట్టిది, కొమ్మలు పోతే ఏమి?" అని వాదించి మేము 'మూడవ స్థానం' అని వ్రాశాము. ఎన్నడూ లేనిది ఆనాడు ఉత్సాహం కొద్దీ కాగితాలను అంటించక ముందే తరగతిలో చదవసాగాము. ఒక కాగితంపై 'చివరి స్థానం' అని ఉన్నది. క్రింద కారణం: 'జీతం రానివాడి కాలు లేవదు.'

ఎవరిదని అడిగితే చివరి బల్లనుండి ఒక కుర్రవాడు లేచాడు. మాటకారి కాడు. బంతి ఆడడం కూడా అంతంతమాత్రమే.

"ఏమయ్యా, ఆటగాళ్ళ జమాఖర్చుల పుస్తకం నీ దగ్గర గాని ఉందా?" అన్నాము. తరగతి గొల్లుమన్నది.

"లేదు మాస్టారూ. వాళ్ళకి బకాయిలు ఉన్నాయని అనుకుంటున్నారు. మా అన్న హైదరాబాదులో కరెంటు పని చేస్తాడు. ఒక మేస్త్రీ రెండు నెలల కూలి ఎగవేశాడు. మా అన్న పని మానలేదు గాని, ఆ తర్వాత వైర్లు మునుపటిలా లాగలేదట. చేతులు రాలేదు అన్నాడు."

"మీ అన్న వైరు వేరు, ఫుట్‌బాల్ వేరు. ఇది ఆట. కూలి లెక్క కాదు. కూర్చో" అన్నాము.

వాడు కూర్చున్నాడు. తరగతి మరొకసారి నవ్వింది. ఆ నవ్వును ఆపగల స్థానంలో ఉండి కూడా మేము ఆపలేదు.

ఆ సీజనులో ఏమి జరిగినదో క్రీడాభిమానులకు తెలిసినదే. బకాయిలు చెల్లించని కారణంగా కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోరాదని ఫీఫా ఆ జట్టుపై నిషేధం విధించింది. 2024 జనవరి నాటికి విదేశీ ఆటగాళ్ళలో అత్యధికులు, స్వదేశీయులలో పలువురు జట్టును విడిచిపోయారు. మిగిలిన కుర్రవాళ్ళతో తంగ్‌బోయి సింగ్టో అనే మణిపురి శిక్షకుడు నెట్టుకొచ్చాడు. మార్చి నెలలో ఆ కుర్రవాళ్ళు చెన్నైకి పోయి, చెన్నయిన్ జట్టును వారి మైదానంలోనే 1-0తో ఓడించారు. 22 ఆటలలో దక్కిన ఒకే ఒక విజయమది. 8 పాయింట్లతో జట్టు అట్టడుగున మిగిలింది. కవరు విప్పితే సరియైన జోస్యం ఒక్కటే ఉన్నది.

ఇంతవరకైతే దీనిని ఒక విద్యార్థి తెలివిగా చెప్పి ఊరుకొనవచ్చును. కాని ఆ కాగితం చేతిలో పట్టుకొన్న క్షణాన మాకు కలిగినది ఆశ్చర్యం కాదు, సిగ్గు. ఎందుకనగా ఆ వాక్యం మాకు తెలియనిది కాదు. మేము దానిని అనుభవించినవారమే.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ముగించుకొని వచ్చిన తొలి రోజులలో మేమొక ప్రయివేటు కళాశాలలో తెలుగు చెప్పేవారము. దాని పేరు ఇక్కడ అనవసరం. నాలుగు నెలలు జీతం రాలేదు. మొదటి నెల మాకేమీ తేడా తెలియలేదు. పైగా రెట్టించిన ఉత్సాహంతో పాఠం చెప్పాము. రెండవ నెల బస్సు స్టాండునుండి కళాశాలకు ఆటో మాని నడక ప్రారంభించాము. మూడవ నెలలో విద్యార్థుల వ్యాసాల పుస్తకాలు బల్లపై గుట్టగా పేరుకొన్నాయి. దిద్దకూడదని ఒక్కనాడూ అనుకోలేదు. ఎర్రకలం తీసి, మొదటి పుట చూసి, 'రేపు' అనుకొని మూసేవారము. నాలుగవ నెలలో ఒక అమ్మాయి పాఠం ముగిసిన పిమ్మట వచ్చి, "మాస్టారూ, చంపకమాలలో యతి ఎక్కడ చూసుకోవాలో మళ్ళీ ఒకసారి చెబుతారా?" అని అడిగింది. రెండు నిమిషాల పని. "రేపు చెబుతానమ్మా" అన్నాము. ఆ రేపు రాకముందే ఆ కొలువు వదులుకొన్నాము. ఆ అమ్మాయికి యతిస్థానం ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో మాకు తెలియదు.

ఆ కళాశాలవారు ఆ విద్యా సంవత్సరం ఆరంభంలో గోడలపై నూటికి నూరు ఉత్తీర్ణత అని పెద్ద అక్షరాలతో వ్రాయించారు. అదీ ఒక సీజను ముందటి జోస్యమే కదా! ఫలితాలు వచ్చాక పిల్లలలో పట్టుదల తగ్గిందని విచారించారట. పిల్లల కాళ్ళూ చేతులూ, తెలివితేటలూ లెక్కించారు గాని, వారికి పాఠం చెప్పేవాని ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో ఎవరూ లెక్కించలేదు. ఇంత అనుభవించిన మేము, పదేండ్లు తిరిగి, నెల నెలా జీతం అందుకొంటూ, ఒక కూలివాని తమ్మునితో 'ఇది కూలి లెక్క కాదు' అనగలిగాము. కడుపు నిండితే మనిషి ఎంత త్వరగా మరచిపోతాడో ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

వృత్తి ఫుట్‌బాల్ అనే మాటలోనే వృత్తి ఉన్నది. తెరపై మెరిసే ఆటగానికి ఇంటి అద్దె ఉన్నది, ముసలి తల్లిదండ్రులు ఉన్నారు, పిల్లల బడి ఫీజు ఉన్నది. రహీంగారి పోలీసు జట్టులోని వారు ఆ శాఖలో కొలువు గలవారు. ఆటకు ముందు ఉద్యోగం ఉన్నది. నేటి ఆటగానికి ఆటే ఉద్యోగం. కనుక అతని కాలి వేగాన్ని అంచనా వేయబోయే ముందు అతని నెల గడిచిందా అని అడగడం నీచమైన ప్రశ్న కాదు, మొదటి ప్రశ్న. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ధర్మం మా పెద్దలు చిన్ననాటనే మాకు చెప్పారు. దానిని మేము దానధర్మాల పద్దులో వ్రాసుకొన్నాము. పని బాగోగుల పద్దులో వ్రాసుకోలేదు. మన పంచాంగకర్తలు మాత్రం ఈ విషయంలో మాకంటె జాగరూకులు. ప్రతి రాశికీ ముందు ఆదాయ వ్యయాలు చెప్పి, ఆ తరువాతనే పూజ్యావమానాల జోలికి పోతారు. గ్రహాల మాట ఎలా ఉన్నా ఆ వరుసక్రమం సరియైనది. మా అమ్మ చెప్పినదీ అదే.

ఇక మిగిలిన కథ క్లుప్తంగా చెబుతాము. 2024-25 సీజనులో యాజమాన్యం మారినా హైదరాబాదు జట్టు 13 జట్లలో 12వదిగా నిలిచింది. 2025 అక్టోబరులో అది ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే పేరు ధరించింది. ఆరేండ్ల క్రితం పూణే పిల్లలు పోగొట్టుకొన్నదానిని అందుకొని మనం సంతోషించాము. ఆరేండ్ల తరువాత మనం పోగొట్టుకొన్నదానిని ఢిల్లీ పిల్లలు అందుకొన్నారు. మన విశాఖపట్నానికీ ఒక ముచ్చట మిగిలింది. 2020లో విశాఖ పేరిట ఐ-లీగులో ప్రవేశం పొందిన శ్రీనిధి జట్టు, శ్రీనిధి డెక్కన్ అనే పేరుతో 2022-23, 2023-24 సీజనులలో రెండవ స్థానం సంపాదించింది. కాని దాని సొంత మైదానం హైదరాబాదులో ఉండిపోయింది. మా కవరులు మాత్రం అలమారలో ఉన్నాయి.

ఆ విద్యార్థి 2024లోనే డిగ్రీ పూర్తిచేసి వెళ్ళిపోయాడు. వెళ్ళేనాడు మా గదికి వచ్చి సలాం చేశాడు. కవరు అప్పటికే విప్పి ఉన్నాము. "నీ జోస్యం ఫలించిందయ్యా" అన్నాము. "ఫలించకుంటేనే బాగుండేది మాస్టారూ" అన్నాడు. ఆనాడు తరగతి ముందర తప్పు మాదేనని చెప్పవలసిన మాట ఒకటి గొంతులోనే ఆగిపోయింది. నలుగురి ఎదుట చేసిన అవమానానికి నాలుగు గోడల మధ్య చెప్పే క్షమాపణ చాలదని ఆనాడు ఊరుకొన్నామని మాకు మేము చెప్పుకొన్నాము. నిజానికి నోరు రాలేదు. కనుక ఈ సంచిక ముఖంగా, మన విద్యార్థులందరి సమక్షంలో, ఆ కుర్రవానికి క్షమాపణ చెప్పుకొంటున్నాము. ఈ పుస్తకం ప్రతి ఒకటి వాని చిరునామాకు పంపుతాము.

విద్యార్థులారా, ఈ ఏడు ఏ జట్టును మీరు మీదిగా ఎంచుకొన్నా జోస్యాల కాగితం మానవద్దు. అందులో ఒక చిన్న మార్పు చేశాము. స్థానం, కారణం అనే రెండు గడులకు ముందు 'ఆదాయ వ్యయాలు' అనే గడి ఒకటి చేర్చాము. ఆ జట్టులోని ఆటగానికి, బంతులు మోసే కుర్రవానికి, మైదానంలో గడ్డి కోసే కూలికి డబ్బు సమయానికి అందుతున్నదా అని ముందు విచారించి ఆ గడి నింపండి. తెలియకపోతే ఖాళీగా వదలండి, నింపినట్లు నటించవద్దు. ఇక కళాశాల కమిటీ పెద్దలు ఈ వ్యాసాన్ని ఒక ఫుట్‌బాల్ జట్టును గురించి వ్రాసినదిగానే చదువుతారని మా నమ్మకం. అయితే తాత్కాలిక అధ్యాపకుల పద్దు వారి బల్లపైకి వచ్చిన రోజున ఆ కుర్రవాని ఒక్క వాక్యం వారి స్మృతిపథంలో మెదిలితే మేమెంతో సంతోషిస్తాము. రాబోయే సంవత్సరం మీ అందరికీ ఆదాయం హెచ్చుగా, అవమానం స్వల్పంగా ఉండుగాక అని కోరుకుంటూ విరమిస్తున్నాము.